కొండ వస్తోంది, మెల్లగా

'మెల్లగా' బావకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు: లోకంలో ఏ చప్పుడూ ముందుగా చెప్పకుండా రాకూడదు. తుమ్ము వస్తుంటే ముక్కు పట్టుకుని, ఇంటి పైకప్పు వైపు తలెత్తి, "తుమ్ముతున్నానండోయ్! రెండు! మెల్లగా!" అని కేకపెట్టి మరీ తుమ్మేవాడు. గిన్నె చేయి జారితే ముందుగా చెప్పే వ్యవధి ఉండదు కాబట్టి అసలు గిన్నెలే ముట్టుకునేవాడు కాదు. "ఈ భయమొక్కటి భలే కలిసొచ్చింది మీకు" అనేది భార్య, అంట్లు తోముతూ.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. ఆయన పాతికేళ్లు పనిచేసిన బట్టల మిల్లులో ఒక మధ్యాహ్నం బాయిలర్ పేలింది. ఎడమ చెవి పోయింది. కంపెనీ డాక్టరు ఎగాదిగా చూసి, "రక్తం లేదు కనుక గాయం లేదు" అని కాగితం రాసిచ్చాడు. ఆ పూట షెడ్డులో ఉన్న ఇరవై ముగ్గురికీ అదే కాగితం, అదే వాక్యం. పేర్లు మాత్రం మార్చారు, అంతవరకు దయగలవాళ్లే. బావ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని "సరేలెండి" అన్నాడు. అన్యాయానికి 'సరేలెండి'ని మించిన ఎరువు లేదు. మనమంతా వేసేదీ అదే.

బావమరిదికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. ఇంట్లో కూర్చున్న బావకు కాలక్షేపంగా ఉంటుందని ఒక పాత కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. నెల తిరిగేసరికి బావ పాటలు ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అతికించి, మిక్సులు చేయడం మొదలుపెట్టాడు. వాటిని బావమరిది చేత ఇంటర్నెట్‌లో ఒక పేజీలో పెట్టించి అందరికీ ఉచితంగా పంచేవాడు. పేర్లు 'మెల్లగా ఒకటి', 'మెల్లగా రెండు'... అలా ముప్పై ఏడు దాకా వచ్చాయి.

మిక్సు బాగానే ఉండేది. వేణువు సన్నగా సాగుతుండేది, వినేవాడి కళ్లు అరమోడ్పులయ్యేవి. సరిగ్గా అప్పుడు బావ గొంతు దూరేది: "కంగారు పడకండి. కొండ వస్తోంది. నాలుగు, మూడు, రెండు..." ఆ తర్వాత డ్రమ్ము.

"బావా, సంగీతమా ఇది, రైల్వే స్టేషనా?"

"ఎదురుగా వచ్చి మాట్లాడరా. వెనకనుంచి పలకరిస్తే గుండె ఆగుతుంది!"

పాట మోగుతున్నంతసేపూ అరచేతిని స్పీకరుకు గట్టిగా అదిమి కూర్చునేవాడు. "ఎగిరి కరుస్తుందనుకుంటున్నావా?" అని బావమరిది నవ్వేవాడు.

శ్రోతలు ఇరవై రెండు మంది. ఎన్ని మిక్సులు పెట్టినా ఒకరు పెరగలేదు, ఒకరు తగ్గలేదు. దారిన పోయే ఎవరో మాత్రం, "ఈ పెద్దాయన గొంతు పీకి పారేస్తే లక్షమంది వింటారు" అని రాసిపోయారు. ఆ మాట బావమరిది మనసులో నాటుకుంది. పేజీలో పెట్టే మీట నొక్కేది ఎటూ తనే. ముప్పై ఎనిమిదో మిక్సు చేతికి రాగానే, అనవసరపు చప్పుళ్లు తీసేసే పద్ధతిలో బావ హెచ్చరికలన్నీ ఏరి పారేసి, నున్నగా చేసి పెట్టాడు. బావకు చెప్పలేదు.

మర్నాడు పదకొండింటికి బావమరిది అక్కగారింట్లో ఉండగా పైఅంతస్తులో ఏదో దబ్బున పడింది. వెంటనే ఒక కేక. ఆపైన ఏమీ లేదు.

మెట్లెక్కి పరుగెత్తాడు. పైన ఉండేది ఇస్త్రీ పిన్ని. ఆవిడదీ అదే మిల్లు, అదే కాగితం. తలుపు కింద నుంచి పొగ పాకుతోంది. మాడుతున్న గుడ్డ కంపు. బావమరిది తలుపు దబదబా బాదాడు. లోపల మూలుగు వినిపించింది. భుజంతో గుద్దబోయాడు.

"ఆపరా!" వెనకనుంచి బావ వాణ్ణి లాగేశాడు. మోకాళ్లమీద కూర్చుని, పొగ వచ్చే సందుకు నోరు ఆనించాడు. "పిన్నీ, నేనే. మూడుసార్లు తలుపు కొడతాను. చిన్నవే. నాలుగు, మూడు, రెండు..." వేలితో టిక్, టిక్, టిక్. "బల్ల కింద దూరే ఉంటావు, ఇప్పుడు బయటికి రా. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకు. టక్కుమంటుంది, చెప్తున్నాగా. ఆ తర్వాత గడియ. అదీ టక్కుమంటుంది."

ఎంతసేపో. లోపల టక్కుమంది. మళ్లీ టక్కుమంది. తలుపు తెరుచుకుంది. పిన్ని చెవుల్లో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి, నేలమీద చీర త్రికోణంగా మాడి ఉంది.

"ఏం నాయనా," అందావిడ, "ఈసారి కొండ వస్తోందని చెప్పలేదేం?"

బావమరిది తల వేలాడేశాడు. తుమ్మినప్పుడల్లా బావ పైకప్పుకు చెప్పుకునేది ఎవరికో అప్పుడు తెలిసింది వాడికి. ఇరవై రెండు మంది శ్రోతలెవరో కూడా తెలిసింది. ఇరవై ముగ్గురిలో బావను తీసేస్తే మిగిలినవాళ్లు.

"తప్పయిపోయింది బావా. నీ భయం కొద్దీ చెప్తున్నావనుకున్నా."

"నాకేం భయంరా! ఎడమ చెవి పోయింది, కుడిది పోతోంది. బాంబు పేలినా నాకు పక్కింటివాళ్ల దగ్గులా ఉంటుంది."

"మరి మిక్సులెలా చేస్తున్నావు?"

"తెరమీద గీత కనిపిస్తుందిగా. సాపుగా పోతే వేణువు, కొండలా లేస్తే డ్రమ్ము. మిగతాది అరచేతికి తెలుస్తుంది." బెరుకుగా అడిగాడు: "నిజం చెప్పు, బాగుంటాయా?"

"బాగుంటాయి బావా," అన్నాడు వాడు, ఎదురుగా వచ్చి నిలబడి.

ముప్పై తొమ్మిదో మిక్సులో రెండు గొంతులున్నాయి. అక్క మాత్రం కొత్త కబురు విని మండిపడింది. "వినపడనివారికి గిన్నెల చప్పుడంటే భయమేమిటండీ?" అంటూ అంట్ల గిన్నె ఆయన చేతిలో పెట్టింది.

మీ ఊళ్లోనూ మిల్లులుంటాయి, 'గాయం లేదు' అనే కాగితాలు జేబుల్లో మడతపెట్టుకున్న మనుషులుంటారు. వాళ్ల చెవులు బయటి డాక్టరుకు చూపించమని కార్మిక శాఖకు ఒక ఉత్తరం రాయండి. మడతలు పెట్టిన ఆ ఇరవై మూడు కాగితాలూ జతచేసి బావ మొన్న రాశాడు. డబ్బాలో వేసేముందు వీధికి వినబడేలా, "ఉత్తరం పడుతోందండోయ్!" అని కేకపెట్టాడు. అందరూ తరువాతి మాట కోసం చూశారు. ఆయన 'మెల్లగా' అనలేదు. మీరూ అనకండి.