ప్రీముస్ ఇచ్చిన కొలతలు

ప్రీముస్ ఒరాజె దేన్నీ నమ్మడు. ఇది నేను ఆయన మీద చెబుతున్న చాడీ కాదు. తుపాకుల పనికి పేరున్న మా ఫెర్లాఖ్ ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే మాట చెబుతారు. చెప్పిన మర్నాడు ఆయన వాళ్ళింటికి వెళ్ళి, "నా గురించి ఎవరడిగారు? ఎందుకడిగారు?" అని ఆరా తీస్తాడు. చర్చి గంట పదకొండు కొడితే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాడు, ఆ తర్వాత చేతి గడియారం చూసుకుంటాడు. రెండూ కలిశాయంటే ఇక చెప్పక్కర్లేదు. "రెండూ కూడబలుక్కున్నాయి, ఇందులో ఏదో మతలబు ఉంది" అంటూ ఇంటికి పోతాడు. దారిలో ఎవరైనా "బావున్నారా" అని పలకరిస్తే, "ఎందుకు, ఏం విన్నావ్?" అని నిలదీస్తాడు.

మా వీధి చివరి హోటల్లో జున్ను కుడుములు బాగుంటాయి. ఈయన ప్రతి కుడుమునీ నిలువునా కోసి, లోపల జున్ను ఉందని చూశాకే నోట్లో పెట్టుకునేవాడు. హోటలావిడ విసిగిపోయి ఒకరోజు కోసిన కుడుములే తెచ్చి పెట్టింది. ఆ పూట ఆయన అసలు తినలేదు. "నాకంటే ముందు ఇందులో చూసిందెవరు?" అని ఆవిణ్ణి గంటసేపు సతాయించాడు.

పెళ్ళిలో ఫాదరు గారు "ఈమెని భార్యగా స్వీకరిస్తావా" అని అడిగితే, "ముందు ఆమెని చెప్పమనండి" అన్నాడట. ఆవిడ, అంటే నేను పెద్దమ్మా అని పిలిచే ఒట్టీలియా, చెప్పింది. చెప్పి నలభై నాలుగేళ్ళు కాపురం కూడా చేసింది.

"ఇప్పటికైనా నిన్ను నమ్మాడా పెద్దమ్మా?" అని ఓసారి అడిగాను.

"ఇంకా చూస్తున్నాడే బుర్గీ" అంది.

బుర్గి అంటే నేనే. మేస్త్రి లాంబెర్ట్ దగ్గర తుపాకి చెక్కలు చేస్తాను. గొట్టం, మీట, ఉక్కు పనంతా ఆయనది. అక్రోటు చెక్కని మనిషి భుజానికీ చెంపకీ సరిపోయేలా చెక్కడం నాది. కొట్టు మొత్తానికి మేమిద్దరమే. ఏడాదికి మూడు తుపాకులు చేస్తే మాకు పండగ.

ప్రీముస్ నాలుగేళ్ళుగా మా కొట్టుకి వస్తూనే ఉన్నాడు, ఒకటే ప్రశ్నతో.

"కొట్లో దొరికేది రెండు వేల యూరోలు. మీరు చేసేది పదహారు వేలు. ఆ తేడా ఎక్కడుందో చూపించండి."

"చేతిపని అండీ" అనేదాన్ని.

"చేతులు అందరికీ ఉన్నాయి. కాల్చబోయే కొండమేకకి తెలుస్తుందా, ఇది చేతిపని అని?"

"మేకకి తెలీదురా, నీ భుజానికి తెలుస్తుంది" అనేవాడు మేస్త్రి.

"నా భుజం నాకెప్పుడూ అలా చెప్పలేదే" అని భుజం తడుముకుంటూ వెళ్ళిపోయేవాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేవాడు. ఆ డబ్బుతో ట్రాక్టరు వస్తుందని ఒకసారి, ఇంటికి కొత్త కప్పు వస్తుందని ఒకసారి, అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకెన్ని శీతాకాలాలు కొండెక్కుతానని ఒకసారి. ఆయన ప్రశ్నలు వినీ వినీ నాకే అనుమానం పట్టుకుంది. నేను చేసే పనికి నిజంగా అంత విలువుందా అని అద్దంలో చూసుకుని నన్ను నేనే అడిగిన రోజులున్నాయి.

ఆయన జోడీ ఎగీడ్ గురించి కూడా చెప్పాలి. సామిల్లు నడిపేవాడు. పొట్టి మనిషి, ప్రీముస్‌కి సరిగ్గా తిరగేసిన మనిషి, ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. నలభై ఏళ్ళు ఇద్దరూ కలిసే వేటకి పోయారు. రెండేళ్ళ కిందట మిల్లులో కర్ర పేడు ఎగిరొచ్చి ఎగీడ్ కుడి కన్ను పోయింది. నలభై ఏళ్ళు కుడి భుజానికే అలవాటైన తుపాకి ఎడమ భుజం మీద ఎంతకీ కుదరలేదు. ఆఖరికి ఉన్న తుపాకీ అమ్మేసి, "వేటంటే మొహం మొత్తింది" అని ఇంట్లో కూచున్నాడు. వేట కార్డుకి మాత్రం ఏటా రుసుం కడుతున్నాడు. ఎందుకని అడిగితే మర్చిపోయి కట్టానన్నాడు. రెండేళ్ళూ మర్చిపోయే కట్టాడు పాపం.

కిందటి అక్టోబరులో ప్రీముస్ వచ్చి కుర్చీలో కూచుని, "చెయ్యండి" అన్నాడు. మేస్త్రి చేతిలో ఆకురాయి కిందపడింది.

చెక్క ఎంచుకోవడానికే మూడు రోజులు పట్టింది. పుచ్చకాయని తట్టినట్టు ఒక్కొక్కదాన్నీ తట్టి చూశాడు. ఎంచుకున్నదాన్ని నేను మార్చేస్తానేమోనని మూడు చోట్ల సంతకం పెట్టాడు. పదిరోజుల తర్వాత వచ్చి చూసి, "నా సంతకాలేవి?" అన్నాడు.

"చెక్కేశానండీ. చెక్కకపోతే తుపాకి ఎలా అవుతుంది?"

"అదే నా అనుమానం" అని బల్ల కింద పడిన చెక్క పేళ్ళు ఏరుకుని, సంతకం ముక్కలు మూడూ దొరికాకే లేచాడు.

అసలు గొడవ కొలతల దగ్గర వచ్చింది. నేను టేపు తీస్తే చెయ్యడ్డం పెట్టాడు. "మీ టేపు మీద నాకు నమ్మకం లేదమ్మాయ్. నా కొలతలు నేనే తెచ్చుకున్నాను" అని కాగితం ఇచ్చాడు. చూద్దును కదా, భుజానికి ఆనే మడమ చెక్క పొడవు మూడు వేళ్ళు తక్కువ. పైగా చెక్క మొత్తం పక్కకి వంచాలట, కుడి భుజానికి ఆనిస్తే చూపు ఎడమ కంటికి రావాలట. ప్రీముస్ చూస్తే తాడిచెట్టంత మనిషి, రెండు కళ్ళూ డేగ కళ్ళు.

"ఇవి మీ కొలతలు కావండీ."

"నా ఒళ్ళు నాకు తెలీదా?"

మీకీపాటికి అర్థమైపోయే ఉంటుంది. మాకు కాలేదు. అదే మా పనివాళ్ళ జబ్బు. కొట్టులోకొచ్చి డబ్బిచ్చే మనిషి ఒంటికే తుపాకి చేస్తామని మా బుర్రలో నాటుకుపోయింది. కొలత తేడా వస్తే కొలత అబద్ధం అనుకుంటామే కానీ, మనిషి వేరేమో అని తట్టదు.

ఆయన వెళ్ళాక మేస్త్రి తలుపు మూసి మెల్లిగా అన్నాడు. "బుర్గీ, ఇందులో ఏదో మతలబు ఉంది. తీరా చేశాక ఒంటికి సరిపోలేదని వెనక్కి కొడతాడు. ఒకరి ఒంటికి చేసింది ఇంకొకరు కొంటారా? శీతాకాలం పనంతా మట్టిపాలు. వసంతానికి కొట్టు మూసుకోవాలి."

మూస్తే నేను ఫ్యాక్టరీలో చేరి ప్లాస్టిక్ మడమలకి మరలు బిగించుకోవాలి. అందుకని కొలతల పూచీ ఆయనదేనని ఒక కాగితం రాయించాం. బస్సు టికెట్టు వెనకవైపు కూడా చదివే మనిషి, ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టేశాడు. దాంతో మా ఇద్దరికీ నిద్ర పట్టడం మానేసింది. నాలుగు నెలలు ఆ వంకర చెక్కని చెక్కుతూ నేను ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

మార్చిలో తుపాకి తయారైంది. కాల్చి చూడ్డానికి కొట్టు వెనక పాత క్వారీలో గురిబోర్డు కట్టాం. ప్రీముస్ వచ్చాడు, వెంట ఎగీడ్‌ని లాక్కొచ్చాడు. ఎగీడ్ టోపీ కుడివైపుకి కిందికి లాక్కుని, నేల చూపులు చూస్తున్నాడు.

"వీణ్ణి సాక్షిగా తెచ్చాను" అన్నాడు ప్రీముస్. తుపాకిని వాసన చూశాడు, గొట్టంలోంచి ఆకాశం చూశాడు, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "నేను కాల్చను. పేలి మొహం మీదికొస్తే? ఒరేయ్ ఎగీడ్, నువ్వు కాల్చు."

"నా మొహం మీదికొస్తే ఫరవాలేదా?"

"నీకు పోయేది ఒక్క కన్నే. నాకు రెండున్నాయి, నష్టం ఎక్కువ."

రెండేళ్ళుగా ఊళ్ళో ఎవరూ ఎగీడ్ ముందు కన్ను ఊసెత్తలేదు. ఎగీడ్ మాత్రం ఒక్క క్షణం ప్రీముస్ వంక చూసి, పకపకా నవ్వాడు. నవ్వుతూనే తుపాకి తీసుకుని కుడి భుజానికి ఆనించాడు. చెంప చెక్క మీద వాలింది. ఎడమ కన్ను తిన్నగా గురి వెనక్కి వచ్చి నిలబడింది. నాలుగు నెలలు తిట్టుకుంటూ చెక్కిన వంకర ఎవరి కోసమో నాకు అప్పుడు తెలిసింది. నా అనుమానానికి సిగ్గేసింది.

తుపాకి పేలింది. బోర్డు నడిబొడ్డున చిల్లి పడింది. ఎగీడ్ తుపాకి దించి, చెక్క వంపుని వేలితో తడిమి చూశాడు.

"ఒరేయ్ ప్రీముస్," అన్నాడు, "కిందటి వేసవిలో, వేటలో తుపాకి ఆనించుకునే పంగలకర్ర ఇచ్చి, కర్ర వంకరుంది, కొట్టువాడు మోసం చేశాడు, చెంపకి ఆనించి ఎడమ కంటితో చూడు అన్నావు. భుజం నుంచి వేలిదాకా టేపు పెట్టావు. ఆ కొట్టువాడితో నీ తరఫున దెబ్బలాడొచ్చాను కదరా నేను."

"కొలిచానని సాక్ష్యం ఉందా?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "మా కొట్టు పద్ధతి ఒకటుంది. మొదటి దెబ్బ ఎవరు కాలిస్తే తుపాకి వాళ్ళది. పుస్తకంలో వాళ్ళ పేరే రాస్తాను."

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ?" అన్నాడు ప్రీముస్.

"నాలుగేళ్ళలో నలభైసార్లు చెప్పాను."

"నేను నమ్మలేదు."

ఎగీడ్ తుపాకి బల్ల మీద పెట్టబోయాడు. "నాకొద్దు. ఇంత ఖరీదైంది ఊరికే తీసుకోను."

"నీకెవడిచ్చాడు? పదహారు వేలకి తగ్గ సరుకో కాదో నాకింకా తేలలేదు. పది శీతాకాలాలు వాడి చూసి చెప్పు. బాలేకపోతే వీళ్ళ మొహాన కొడదాం."

"పదేళ్ళు బతుకుతానా నేను?"

"అదీ అనుమానమే. అందుకే తొందరగా మొదలుపెట్టు."

ఎగీడ్ టోపీ వెనక్కి తోసుకుని మళ్ళీ భుజానికి ఆనించాడు. రెండోది మొదటి చిల్లి పక్కనే తగిలింది. మూడోది రెండింటి మధ్య. ప్రీముస్ దుర్భిణి కళ్ళకి పెట్టుకుని బోర్డు వైపు కాక, ఎగీడ్ మొహం వైపు తిప్పుకుని చూస్తున్నాడు. పది అడుగుల దూరంలో ఉన్న మొహానికి దుర్భిణి ఎందుకో నేను అడగలేదు. పక్కకి వెళ్ళి మెల్లిగా, "ఇప్పుడు చెప్పండి, విలువుందా?" అన్నాను.

"మూడింటికే ఎలా చెప్పమంటావమ్మాయ్? ఇంకోటి కాల్చమను" అన్నాడు, దుర్భిణి దించకుండా.

ఆ మధ్యాహ్నం మా కొట్లో ఉన్న తూటాలన్నీ అయిపోయాయి.