ప్లగ్గు పీకేసిన నీలం దీపం

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఎక్కడో ఏదో వైరు ఊడి ఉంటుంది, చూసుకోరు అంటాను. నా విషయంలోనూ ఆ వైరు కోసమే ఇంకా వెతుకుతున్నాను.

సికింద్రాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. మనుషుల రక్తం నుంచి గుండె కణాలను పెంచి, వెలుతురుకు స్పందించే గుణం ఎక్కిస్తాం. లయ తప్పిన కణాలు నీలం దీపం మిణుకులకు దారిలో పడతాయి. ఎప్పటికైనా కరెంటు షాకు లేకుండా గుండెను ఇలా సరిచేయాలని మా ఆశ. ఒక గాజు పళ్లెంలో ఉన్నవి పద్మారావు నగర్‌లో ఉండే మా అక్కవి. ఆమె గుండె ఉన్నట్టుండి గతి తప్పుతుంది. ఎప్పుడో ఒకసారి ఆగిపోతుందని నాకు భయం.

ఆయుధపూజ నాడు యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టి, ఆ రోజంతా ముట్టుకోం. కణాలను వెచ్చగా ఉంచే పెట్టె, దాని కెమెరా మాత్రం నడుస్తాయి. పొద్దున పదింటికే పూజ ముగించి తాళం వేశాం.

సెలవు తర్వాత రికార్డింగ్ చూశాను. ఆ రోజు పదకొండూ పదికి అక్క కణాలు చెల్లాచెదురుగా కొట్టుకున్నాయి. నాలుగు నిమిషాలకు, దీపం వేసినట్టే, వరుసలోకి వచ్చాయి. పక్క పళ్లేల్లో ఏ మార్పూ లేదు.

మా అటెండర్ నర్సింగ్‌ను అనుమానించాను. ఎవరికో చూపించడానికి దీపం వేశాడేమోనని గట్టిగా అడిగాను. మొహం మాడ్చుకున్నాడు.

"ప్లగ్గు నేనే పీకిన సార్. పూజ నాడు మిషన్ ముట్టుకుంటమా? జెర ఆలోచించి అనుండ్రి."

వెళ్లి చూశాను. దీపం అద్దం మీదే నిండుగా గంధం పూసి, కుంకుమ పెట్టాడు. వేసినా వెలుతురు బయటికి రాదు. నాకు సిగ్గేసింది.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాను. పూజ నాడు వంటింట్లో పడిపోయిందట.

"మీ బావ పరేషాన్ అయితడని చెప్పలే. కండ్లు మూస్తే అంతా నీలంగ కనవడ్డది రా. జెరసేపటికి గుండె సక్కగైంది."

ఆమె చేతి గడియారం మణికట్టు మీద వెలుతురు వేసి నాడి లెక్కపెడుతుంది. తీసి చూశాను. పదకొండూ పది నుంచి పదకొండూ పద్నాలుగు వరకు నాడి గతి తప్పి ఉంది. దీపం రంగు నేనెప్పుడైనా చెప్పానా అని అడిగాను.

"నువ్వు ఆఫీసు ముచ్చట ఎప్పుడు చెప్పినవ్ రా?"

కెమెరా గడియారం, అక్క చేతి గడియారం రెండూ ఒకేలా తప్పాయేమోనని సరిచూశాను. తప్పలేదు.

గడువు తీరిన పళ్లేలను బ్లీచింగ్‌లో ముంచి పారేయాలి. మిగతావన్నీ పారేశాను. అక్క పళ్లెం దగ్గర చెయ్యి రాలేదు. గడువు పెంచమని ఇప్పటికి మూడుసార్లు సంతకం పెట్టాను. కారణం రాయమన్న చోట ఏం రాయాలో నాకు తెలియడం లేదు.