చుక్కాయన వడకట్టిన నూనె

కుట్టు మిషన్లకు ఏ రోగం వచ్చినా చుక్కాయన దగ్గర ఒకటే మందు. దారం తెగినా, గుడ్డ ముడతపడినా, చక్రం మూలిగినా "ఒక్క చుక్క వేస్తే సరి" అనేవాడు. ఆ మాటే పేరై కూర్చుంది. కట్టుకున్న భార్య కూడా ఎదురుగా ఏమండీ అంటూనే వెనకాల చుక్కాయన అనేది.

ఆమె బట్టలు కుట్టేది. వీధి గదిలో కిటికీ కింద ఆమె మిషను, తలుపు పక్కన ఆయన రిపేరు బల్ల. మధ్యలో మూడడుగుల జాగా. ఆ జాగాలోంచి రోజంతా మాటలు అటూ ఇటూ ఎగురుతుండేవి. ఆయనకు ఆఖరి మాట తనదే కావాలి. అన్నం మానుకుంటాడు గానీ ఆఖరి మాట మానుకోడు.

అలాంటి మనిషికి పెద్దపేగులో గడ్డ లేచింది. కాన్సరన్నారు. కోసి తీసేశారు. కంటికి కనపడకుండా ఏమైనా మిగిలి ఉంటే దాని పని పట్టడానికి కీమో ఎక్కించాలన్నారు. మొదటిసారి ఎక్కించుకుని వచ్చి, మంచం పక్కన బకెట్టుతో కాపురం చేశాడు. టీ తాగితే తుప్పు నమిలినట్టుందన్నాడు. లేచి కూర్చోగలిగిన రోజున రెండోసారి చచ్చినా వెళ్ళనని తేల్చేశాడు. వెళ్ళకపోతే అదే జరుగుతుందని భార్య అంది. జరిగితే జరగనీ అన్నాడు. ఆమెకు ఆ రోజు కుట్టు సరిగ్గా పడలేదు.

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు చంకలో ఆలివ్ నూనె సీసాతో దిగాడు. వాడికి ఏ వార్తయినా సగమే గుర్తుంటుంది, మిగతా సగం సొంతంగా కుట్టుకుంటాడు. ఈ నూనెలో ఏదో పదార్థం ఉందట, కాన్సరు కణాల మీద వేస్తే అవి చచ్చిపోయాయట. ఎక్కడ వేశారో మాత్రం వాడికి గుర్తులేదు. బావకు అంతకంటే అక్కర్లేదు. జీవితమంతా తాను చెప్పిందే శాస్త్రవేత్తలు ఇన్నాళ్ళకు కనిపెట్టారన్నంత మొహం పెట్టాడు.

అయితే సీసా మూత తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసి, నాలుక మీద వేసుకోగానే గొంతు భగ్గుమంది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు.

"నీకెవరో పాడైన సరుకు అంటగట్టార్రా. రంగుంది, వాసనుంది, పైగా గొంతు కోస్తోంది. ఇలాంటిది మిషన్లో పోస్తే తెల్లారేసరికి బంకే."

మంచి నూనెంటే నీళ్ళలా ఉండాలని ఆయన లెక్క. ఇక పనిలోకి దిగాడు. పాత మిషన్ నూనెకు చేసే మర్యాదలన్నీ దానికీ చేశాడు. మూకుట్లో పొగ వచ్చేదాకా కాచాడు. దూదిలో వడకట్టాడు. తెల్ల సీసాలో పోసి, కిటికీలో ఎండకు పెట్టి, పచ్చదనమంతా వెలిసిపోయేదాకా ఉంచాడు. ఆ తర్వాత పొద్దునో చెంచా, సాయంత్రమో చెంచా. గొంతులో పట్టులా దిగుతోందని మీసం తుడుచుకునేవాడు.

ఆపరేషను కుట్లు చూపించుకోవాలన్న వంకతో భార్య ఆయన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. సంచిలో రెండు సీసాలూ పెట్టుకుంది. డాక్టరమ్మ అంతా విని, పచ్చ నూనె ఒక చుక్క నాలుక మీద వేసుకుని తనూ దగ్గింది.

"ఆ గొంతు మంటే మీరు వెతుకుతున్న పదార్థం, పెద్దాయనా. కాచి, ఎండబెట్టి దాని పని మీరే పట్టారు. మందు పారబోసి ఉత్త సీసా తాగుతున్నారు."

భార్య కిటికీలోంచి బయటకు చూస్తూ నవ్వు దిగమింగింది. ఆయన మాత్రం వెంటనే తేరుకుని, అయితే ఇక నుంచి మండేదే తాగుతానన్నాడు. తాగమనే చెప్పింది డాక్టరమ్మ, మంచి నూనేనట. కానీ ఆ కణాలు చచ్చింది గాజు పళ్ళెంలో. పళ్ళెంలో చచ్చినవన్నీ మనిషి ఒంట్లో చస్తాయని లేదు. దాని మీద పరిశోధన సాగుతోంది, కీమో బదులు నూనె చాలని ఈ రోజుకు ఎవరూ చెప్పలేరు. ఆయన తల ఊపాడు. ఊపితే ఒప్పుకున్నట్టు కాదని భార్యకు తెలుసు.

మర్నాడు ఎవరిదో మిషను విప్పుతూ దాని యజమానిని తిట్టిపోస్తున్నాడు. లోపలంతా నూనె వరద.

"ఏమైందట?" అని అడిగింది ఆమె, తొక్కుడు ఆపకుండానే.

"కింద దారం పట్టే షటిల్ ముక్కు విరిగింది. అది చూసుకోకుండా వెధవ, డబ్బాడు నూనె కుమ్మరించాడు."

"పాపం, అతనికీ మిషను విప్పించుకోవాలంటే భయమేమోలెండి."

చుక్కాయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఆమె ఒక పైజామా కాలు మొత్తం కుట్టేసింది. అప్పుడన్నాడు.

"బకెట్టు వాళ్ళే ఇస్తారా, మనదే పట్టుకెళ్ళాలా?"

మనదే పట్టుకెళ్ళారు. కీమో విడతలన్నీ తిట్టుకుంటూనే పూర్తి చేశాడు. పచ్చ నూనెలో రొట్టె ముంచుకు తిని, దగ్గినప్పుడల్లా పనిచేస్తోందని వీధికి వినపడేలా చెప్పేవాడు. కీమో వల్లనో, నూనె వల్లనో, భార్యను ఇంకా నాలుగు మాటలు అనాలన్న పట్టుదల వల్లనో కొన్నేళ్ళు బల్ల ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత జబ్బు తిరిగొచ్చింది. ఈసారి దేనికీ లొంగలేదు.

ఆయన పోయాక ఆమె మిషను మూలగడం మొదలెట్టింది. బల్ల సొరుగులో నీళ్ళలాంటి నూనె సీసా కనిపిస్తే మిషన్ నూనే అనుకుని ధారాళంగా వేసింది. వారం తిరగకుండా చక్రం బిగుసుకుపోయింది. పక్క వీధి మెకానిక్కును పిలిచింది. సుత్తి తప్ప ఏమీ తెలియదని చుక్కాయన జీవితాంతం ఆడిపోసుకున్న మనిషి. అతను మిషను అడుగుభాగం విప్పి, వేలితో బంక గీకి, వాసన చూశాడు.

"తినే నూనె అక్కా ఇది. ఎవరు పోశారు?"

ఆమె బల్లకేసి చూసింది.

"ఇంకెవరు, మా ఆయనే."

"చుక్కాయనా?" అతను నోరు తెరిచి, తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఈ సంగతి సాయంత్రానికి నాలుగు వీధులూ తిరుగుతుందని ఆమెకు తెలుసు.

తలుపు పక్క నుంచి జవాబు రాలేదు. ఆఖరి మాట మొట్టమొదటిసారి ఆమెకే దక్కింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, అతనికి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.