కొల్లేట్లో రెండో కొర్రమీను

ఆపరేషనై ఇంటికొచ్చిన మనిషికి కొర్రమీను పులుసు పెడితే త్వరగా కోలుకుంటారని మా వైపు నమ్మకం. తాడేపల్లిగూడెంలో మోటార్లకు వైండింగ్ చేసే నా స్నేహితుడు కరీం భార్య ముంతాజ్‌కి కడుపు ఆపరేషనైంది. అన్నం సహించడం లేదు. "చెరువు చేప వద్దండి, కొల్లేటి కొర్రమీనైతే తింటాను" అందావిడ. కొల్లేటి పక్కన పుట్టిన మనిషి కొల్లేటి చేప అడిగితే అది గొంతెమ్మ కోరికైపోయింది. ఎవరి పుణ్యమిది? సరస్సులో అక్రమంగా వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది, 2007 మార్చిలో, కరీమూ నేనూ బయల్దేరాం.

గూడెంలో ఆరింటి పాసింజరెక్కి ఏలూరులో దిగాం. ఇడ్లీ తిని, మనిషికి పది రూపాయలిచ్చి షేర్ ఆటోలో గుడివాకలంక చేరాం. సాయంత్రం దాకా పడవకి రెండొందలు. పడవాయన పేరు సత్యం. కరీం పాత స్టీలు చెంచాని సాగగొట్టి దానికి కొక్కెం అతికించుకొచ్చాడు. సత్యం గెడ వేస్తుంటే ఆ రేకుని దారం కట్టి పడవ వెనక లాక్కుంటూ పోవాలి. తళుకు చూసి చేప వెంటపడుతుంది. రెండు గంటలపాటు గుర్రపుడెక్క తప్ప ఏదీ తగల్లేదు.

"గట్లు కొట్టడం మంచిదే కదా?" అన్నాను.

"మీకేవండీ, పేపర్లో చదివి మంచిదంటారు. కొట్టేసిన చెరువుల్లో నాకూ వాటా ఉండేదండి" అన్నాడు సత్యం.

"మీ వాటాలన్నీ లీజుకి తీసుకుని గడించినాయన ఎక్కడున్నాడిప్పుడు?"

"ఉండి ఊరి దగ్గర ఇంకో చెరువు తవ్వుకున్నాడండి."

"మరి కోపం ఆయన మీద రావాలి కదయ్యా!"

"ఆయనిక్కడ లేడు కదండీ, మీరున్నారు."

కరీం పడవ ఊగేలా నవ్వాడు. అంతలో దారం బిగిసింది. మూరెడు కొర్రమీను! దాన్ని పైకి లాగాక చూశాం, నీళ్ల మీద ఎర్రగా, బుడబుడమంటూ పిల్లల గుంపు.

"జంటది కిందే ఉంటదండి, పిల్లల్నొదిలి పోదు. రేకు మళ్లీ ఇటే లాగండి, కరుత్తాది. అది నాకిచ్చెయ్యండి, అమ్ముకుంటాను" అన్నాడు సత్యం.

"అదీ పోతే పిల్లల్నెవరు చూస్తారండి?" అన్నాడు కరీం.

"నేనొదిలితే రేపు ఇంకోడు పట్టేత్తాడండి."

దీనికి నా దగ్గర అరగంట ఉపన్యాసం సిద్ధంగా ఉంది. నేను నోరు తెరిచేలోపే కరీం దారం చుట్టేసి రేకు జేబులో వేసుకున్నాడు. సత్యం గొణుక్కుంటూ పడవ తిప్పాడు.

ఆ సాయంత్రం కరీమే పులుసు పెట్టాడు. ముంతాజ్ కంచం ఊడ్చి తినేసి, "ఒక్కటేనా తెచ్చారు, అన్నయ్యగారూ?" అంది.

"ఇంకోటుందమ్మా. పిల్లల పనిలో ఉంది" అన్నాను.

నేనొదిలితే ఇంకోడు పట్టేస్తాడన్నది సత్యం పుట్టుబుద్ధి కాదు. సరస్సుని ముక్కలు చేసి లీజులకిచ్చినవాళ్లు ఏళ్ల తరబడి నేర్పిన పాఠం. గట్లు కొట్టి ఫొటోలు దిగితే సరిపోదు. ఈరోజు వదిలిన చేప రేపు తనకే దొరుకుతుందన్న భరోసా అతనికెవరిచ్చారు? అది ఇవ్వకుండా పర్యావరణం గురించి నీతులు చెప్పడానికి సిగ్గుండాలి.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. నీళ్ల మీద ఎర్రగా పిల్లలు కనిపిస్తే గాలం చుట్టేయండి, వదిలేసిన ఆ రెండో చేప ధర బేరమాడకుండా పడవాయన చేతిలో పెట్టండి. మేం అలాగే చేశాం. అయినా గొణిగాడు.