అమ్మ వీపు మీద పెట్టిన సంతకం

మా అమ్మ దగ్గర ఒక పాత ఎల్పీ రికార్డు ఉండేది. దాని అట్ట మీద, ఆ పాటలు పాడిన పెద్ద గాయని సంతకం ఉంటుంది. అమ్మ పెళ్ళికి ముందు హనుమకొండలో ఆ గాయని కచేరీ జరిగిందట. కచేరీ అయి ఆమె కారెక్కబోతుంటే, అమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి సంతకం అడిగింది. పెట్టి రాయడానికి అక్కడ బల్ల లేదు. అమ్మ వెంట తెచ్చుకున్న రికార్డును అట్టలోంచి తీసి గుండెలకు హత్తుకుని, ఖాళీ అట్ట ఆమె చేతికిచ్చి, వంగి తన వీపు అప్పజెప్పింది. ఆమె నవ్వి, ఆ వీపు మీదే అట్ట పెట్టి సంతకం చేసింది.

"భుజం మీద పిన్నీసు ఊడిందని తెలిసినా కదలలే బిడ్డా. కదిలితే సంతకం చెడిపోతదని," అని ప్రతి క్రిస్మస్‌కూ చెప్పేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి, మా ఇంట్లో మాత్రం కోతలు కోసే మనిషి. నాకు ఆ నవ్వులంటే చిన్నప్పటి నుంచీ మంట.

అమ్మ పోయి ఏడాది కావచ్చింది. జ్ఞాపకార్థ కూడికలో ఆమె ఫోటో పక్కన ఆ రికార్డు పెట్టి, ఈ ముచ్చట నేను చెబుతానన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"ముందుగాల అది అసలుదో డూప్లికేటో ఎవలకన్న చూపియ్యి. మంది ముంగట నవ్వులపాలైతే ఎవలు పడాలె?" అంది. అక్క టీచరు. అమ్మ మాటనైనా ఎవరితోనో దిద్దించుకుని రావాలి.

పాత రికార్డులు పోగేసే ఒకాయన కాజీపేటలో ఉన్నాడంటే పట్టుకెళ్ళాను. ఆయన అట్టను కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చాలాసేపు చూశాడు.

"చూడమ్మా, ఏండ్ల తరబడి సంతకాలు పెట్టేటోళ్ళ చెయ్యి సర్రున పోతది. ఇది వణికింది. నడుమ ఒక్కకాడ ఆగి, ఎగిరింది. చూసి రాసేటోళ్ళ చెయ్యే ఇట్ల ఆగుకుంట పోతది," అని ఫోన్‌లో ఆ గాయని సంతకం ఇంకోటి చూపించాడు. అది నున్నగా, గీసినట్టు ఉంది.

బల్ల మీద పెట్టి చేసిన సంతకం నున్నగా ఉండక ఏమవుతుంది! నేను వీపు సంగతి చెప్పాను.

"అందరు ఏదో ఒకటి చెప్తరమ్మా," అన్నాడు మెత్తగా. ఆయన జాలి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అట్ట తిప్పి, "ఎనుక చిల్లు గూడ పడ్డది. కండిషన్ గూడ అంతంతే," అని నా చేతిలో పెట్టాడు.

చిన్న చిల్లు. చుట్టూ తుప్పు మరక. ఇన్నేళ్ళుగా ముందు వైపే చూశాను తప్ప వెనక ఎప్పుడూ చూడలేదు. వేలు ఆనించి అట్ట తిప్పితే, ముందు వైపు సరిగ్గా అక్కడే సంతకం ఎగిరింది. అమ్మ చెప్పిన పిన్నీసు! ఆయనకూ చూపించాను.

"కావచ్చు. గాని ఇది రుజువు కాదమ్మా. చిల్లు ఎప్పుడన్న పడొచ్చు," అన్నాడు.

అట్నుంచి అటే అక్క ఇంటికి పోయాను. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"ఎలుక కొరికిందేమోనే."

"ఎలుక సూదంత చిల్లు పెడ్తదా అక్కా? దానికి తుప్పు పడ్తదా?"

"ఆయన ఏమన్నడో అది చెప్పు."

చెప్పాను. అక్క అట్ట పక్కన పెట్టింది. "అమ్మ అబద్ధమాడిందని నేనంటలేను. జర పెంచి చెప్పేది, అంతే. ఇది అక్కడ పెట్టి అమ్మ ఇజ్జత్ తియ్యకు."

అమ్మ ఇజ్జత్ ఎవరు తీస్తున్నారని అరిచాను. అక్క కూడికకు ఎన్ని కుర్చీలు చెప్పాలో అడిగింది.

కూడిక రోజు బల్ల మీద ఫోటో, పూలు, కొవ్వొత్తి మాత్రమే ఉన్నాయి. రికార్డు నా ఒళ్ళో సంచిలో ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగిస్తూ, "ఈ తల్లి నోట ఏనాడూ అబద్ధం రాలేదు," అన్నారు.

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, మా అక్కే "ఆమేన్" అంది.