కంపెనీలో రొట్టె ఎవరిది?

ఇది రోములో పుట్టి, ఫ్రాన్సు దాటి, మాదాపూర్ దాకా నడిచొచ్చిన ఒక మహాగాథ. అంటే, అలా మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఇది మా ఆఫీసులో మధ్యాహ్న భోజనం గొడవ.

మా టీములో ఒక పద్ధతుండేది. ఒంటిగంటకు అందరం బల్ల చుట్టూ చేరి, బాక్సుల మూతలు తీసి మధ్యలోకి తోసేవాళ్లం. ఎవరిది వాళ్లే తింటే పొగరు కింద లెక్క. నేనుండేది నిజాంపేట హాస్టల్లో. అక్కడ మధ్యాహ్నానికి బాక్సు కట్టరు. పొద్దున టిఫిన్లో మిగిలిన బ్రెడ్డు ముక్కలు తెచ్చి, నేనూ అదే ధీమాతో మధ్యలోకి తోసేవాణ్ణి. వాటిని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. నేను మాత్రం కూకట్‌పల్లి నుంచి వచ్చే మా సీనియర్ అక్క గుత్తి వంకాయ మీద బతికేవాణ్ణి.

ఒక సోమవారం మా మేనేజరు, ఇకనుంచి భోజనాలు రెండు బ్యాచ్‌లన్నాడు. అక్కావాళ్లు మొదటి దాంట్లో. నేను రెండో దాంట్లో, క్యాంటీన్లో తినేవాళ్లతో. అంటే నాకు మిగిలేది బ్రెడ్డే.

ఆ భయంతో డిక్షనరీ తెరిచాను. మర్నాడు మీటింగులో లేచి నిలబడ్డాను.

“సార్, లాటిన్‌లో ‘కుమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. ఆ రెండూ అతుక్కుని, ఫ్రెంచివాళ్ల దగ్గర కొన్నాళ్లుండి, ఇంగ్లీషులోకొచ్చి ‘కంపెనీ’ అయ్యాయి. ఒకే రొట్టె పంచుకునేవాళ్లని అర్థం. కలిసి తినకపోతే మనది కంపెనీయే కాదు సార్!”

అందరూ నా వైపు తిరిగారు. భాషాచరిత్ర పనిచేసిందనుకున్నాను.

“గట్లయితే రొట్టె తెచ్చెటోనివి నువ్వొక్కనివే గద తమ్మీ,” అన్నాడు మేనేజరు. “మరి మేమంత ఏంది? బయటోళ్లమా?”

అక్క అందుకుంది. “రోజూ ఆ రొట్టే తినొచ్చుగా అబ్బాయ్? మధ్యలో నా వంకాయేం చేసిందీ?”

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి లేదు.

“సర్లే, మొహం అలా పెట్టకు. నీ వాటా మూతపెట్టి ఉంచుతాలే,” అంది అక్క.

“ఇగ ఫికరెందుకు? ఓవెన్ల జర వేడి చేస్కో,” అని మేనేజరు మీటింగు ముగించాడు.

బ్యాచ్‌లు అలాగే ఉండిపోయాయి. నా వాటా రోజూ బల్ల మీద ఉండేది. మూత తీస్తే ఎదురుగా ఖాళీ కుర్చీలు, చల్లారిన వంకాయ. కలిసి తినడాన్ని విడగొట్టిన కుట్ర ఏమిటో తర్వాత హౌస్ కీపింగ్ వాళ్లనడిగితే చెప్పారు. మా ఫ్లోర్లో బాక్సులు వేడిచేసే ఓవెనూ, క్యాంటీన్ ఓవెనూ ఒకేసారి పెడితే ఫ్యూజు పోతుంది.