పడుగుల వీధి మీద మేడ నీడ

మా ముత్తాతగారు దివిసీమలో ఐదు గ్రామాలకు మొఖాసాదారు. ఆయన పల్లకీ కరకట్ట మీద వెళుతుంటే ఎదురొచ్చే బళ్లు పక్కకు దిగేవి. మా తాతగారు బెజవాడలో తనకున్న ఖాళీ స్థలంలో సగం, సాలెవారు పడుగులు చాచుకోవడానికి విడిచిపెట్టారు. అదే వీధి అయింది. మా నాన్నగారు కోర్టుల చుట్టూ తిరిగి గ్రామాలన్నీ పోగొట్టారు. నా చేతికి వచ్చినవి ముత్తాతగారి పల్లకీ, బెజవాడ స్థలంలో మిగిలిన సగమూ. అందులో ఒక మూల పెంకుటింట్లో మా అమ్మా, నేనూ ఉండేవాళ్లం. అలాగని ఎవరి ముందూ తల వంచలేదు.

మద్రాసు మీద బాంబులు పడతాయని జనం సామాన్లతో రైళ్లు దిగిన వేసవి అది. బెజవాడలో పశువుల పాకలు కూడా అద్దెకు పోయాయి. మాకు వేరే రాబడి లేదు. వీధి వారనే మేడ లేపి, కింద మూడు, పైన మూడు వాటాలు చేసి అద్దెకిద్దామని మేస్త్రీతో మాట్లాడాను.

సంగతి తెలిసి సాలెవారి పెద్ద వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా నిలబడే మాట్లాడాడు.

"మేడ కట్టుకోండి బాబుగారూ, వద్దనడానికి మేమెవరం? తూర్పు వైపు లేపితే మాత్రం పొద్దుటి ఎండ మాకు రాదండి. పడుగు ఎక్కడ ఆరబెట్టుకోమంటారు?"

తెల్లవారగానే వాళ్లు వీధి పొడుగునా నూలు పోగులు బిగించి, గంజి పట్టించి, చెరోపక్క నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వుతారు. లేత ఎండలో ఆరితేనే పోగు సాఫీగా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండకు గంజి పెళుసెక్కి పోగు తెగుతుంది. చిన్నప్పటినుంచీ కిటికీలోంచి చూసినవాణ్ణి, నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా నా స్థలంలో నేను కట్టుకుంటుంటే అడ్డమేమిటన్న పంతం వచ్చింది.

"మా తాతగారు నేల ఇచ్చారు. ఎండ కూడా రాసిచ్చారా?" అన్నాను.

లోపలినుంచి మా అమ్మ అందుకుంది. "ఎండ రాని నేల ఇచ్చి, దానం చేశామని చెప్పుకుంటామట్రా? ముందు నీ మేడ నీడెంతో చూడు. పోట్లాట తర్వాత."

మరునాడు మేడ వచ్చేచోట వెదుళ్లు పాతించి, రెండంతస్తుల ఎత్తున తాటాకు తడికలు కట్టించాను. ఆ పై ఉదయం సాలెవారు ఎప్పటిలాగే పడుగు చాచారు. బారెడు పొద్దెక్కింది. పక్క వీధి ఎండలో మెరుస్తోంది. మా వీధిలో తడికల నీడ ఎదుటి అరుగుల దాకా పరుచుకునే ఉంది. పడుగు తడి ఆరలేదు.

కుంచె పట్టుకున్న ముసలమ్మ నా వంక చూసింది. "బాబుగారి నీడన బతికితే చాలని మా అత్త అంటా ఉండేదండి. ఇంత చల్లగా ఉంటదని తెలీదు పాపం!"

వీధంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని మీసం కిందే ఆపుకున్నాను.

"పై వరస తడికలు దింపు," అన్నాను మేస్త్రీతో.

దింపాడు. నీడ వీధి నడిమికి వచ్చి ఆగింది. పడుగు మీద ఎండ పడింది. సాలెవారి పెద్ద పోగులు నిమిరి చూసి, కుంచె అందుకున్నాడు.

"మరి పై మూడు వాటాలూ గాల్లో కట్టమంటారాండీ?" అన్నాడు మేస్త్రీ.

"వెనక్కి జరిపి కట్టు."

"వెనక మనకి జాగా ఏదండీ? అది నూనె వర్తకుడిది గదా."

"మనదవుతుంది. నువ్వు ముందు పునాది తియ్యి."

వీధివైపు వాటాలు ఒక్క అంతస్తుతోనే ఆపాము. వెనక స్థలంలో మేడ లేచింది. దాని నీడ మా పెంకుల మీదే ఆగిపోయేది. వానలు మొదలయ్యేసరికి ఆరు వాటాలూ నిండాయి. కొత్తగా దిగిన ఆడవాళ్లు పొద్దున్నే బిందెలతో పడుగుల కింద నుంచి వంగి వెళ్లడం నేర్చుకున్నారు. ఆ మగ్గాల మీది చీరలే కట్టుకున్నారు కూడా. సాయంత్రం పడుగులు చుట్టేశాక అదే వీధిలో మద్రాసు పిల్లలూ సాలెవారి పిల్లలూ కలిసి బిళ్లంగోడు ఆడేవారు. అద్దెల మీద బతుకుతున్నా నన్ను అందరూ బాబుగారనే పిలిచేవారు.

వెనక స్థలం కొనడానికి ముత్తాతగారి పల్లకీ వెండి తొడుగులు ఒలిపించి అమ్మాము.